ఎండోస్కోపీ రిపోర్టులో ‘గ్యాస్ట్రయిటిస్’ అని రాసి ఉంటే అక్కడితో ఆగకండి

ముందు మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెబుతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీ వయసు 34. ఆరు నెలలుగా పొట్ట పైభాగంలో మంట, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉండటం, త్రేన్పులు. ఎండోస్కోపీ చేయించుకుంటే ‘జీర్ణాశయం కింది భాగంలో స్వల్పంగా గ్యాస్ట్రయిటిస్’ అని రాశారు. యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర వేసుకున్నన్నాళ్లూ బాగుంటోంది, ఆపిన వారానికల్లా మళ్లీ మొదలవుతోంది. ఇది జీవితాంతం ఉంటుందా, క్యాన్సర్‌గా మారుతుందా, ఏం తినాలి? ఇవీ మీ మూడు ప్రశ్నలు.

మూడింటికీ జవాబు చెబుతాను. కానీ మీరు అడగని నాలుగో ప్రశ్న ఒకటుంది, మిగతా మూడూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అసలు ఆ వాపు ఎందుకు వచ్చింది? ఇరవై ఏళ్లకు పైగా కడుపు జబ్బులవాళ్లను చూస్తున్నాను. ‘నాకు గ్యాస్ట్రయిటిస్ ఉంది డాక్టరుగారూ’ అంటూ రోజూ ఎవరో ఒకరు వస్తారు. ‘ఎందువల్ల వచ్చిందన్నారు?’ అని అడిగితే చాలామంది నా మొహం వంక చూస్తారు. అలా అడగాలని వాళ్లకెవరూ చెప్పలేదు మరి.

గ్యాస్ట్రయిటిస్ అంటే జీర్ణాశయం లోపలి పొర వాచిందని అర్థం, అంతే. జ్వరం అన్న మాట లాంటిదే ఇది. జ్వరం అంటే ఒళ్లు కాలుతోందని తెలుస్తుంది గానీ, అది మలేరియానా, టైఫాయిడా, మామూలు జలుబా అన్నది తెలియదు. కారణం చూడకుండా నెలల తరబడి పారాసిటమాల్ మింగుతూ కూర్చుంటే ఎలా ఉంటుందో, గ్యాస్ట్రయిటిస్ అన్న మాట చూసి యాసిడ్ తగ్గించే మాత్రతో నెట్టుకురావడమూ అలాగే ఉంటుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కెమెరాలో డాక్టరుకు కనిపించేది ఎరుపు. ఎర్రగా ఉన్న చోటల్లా వాపు ఉండాలని లేదు, చూడటానికి మామూలుగా ఉన్న చోట వాపు ఉండకూడదనీ లేదు. ఖాయంగా చెప్పాలంటే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి, అంటే బయాప్సీ చేయాలి. 1990లో సిడ్నీలో జరిగిన ప్రపంచ సదస్సులో దీనికొక పద్ధతి పెట్టుకున్నారు, 1994లో హ్యూస్టన్‌లో సవరించుకున్నారు. జీర్ణాశయం కింది భాగం నుంచి రెండు, నడిమి భాగం నుంచి రెండు, రెండూ కలిసే మలుపు దగ్గర ఒకటి, మొత్తం ఐదు ముక్కలు తీయాలని ఆ పద్ధతి చెబుతుంది. మీ రిపోర్టులో బయాప్సీ ఊసే లేదన్నారు కదా. అంటే మీ ‘గ్యాస్ట్రయిటిస్’ ఇప్పటికి కంటికి కనిపించిన ఎరుపు మాత్రమే.

పైగా ఎరుపుకూ బాధకూ పొంతన ఉండాలని కూడా లేదు. ఇది కొత్తగా తెలిసిన సంగతేం కాదు. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి పొరపాటున తుపాకీ పేలి పొట్టకు గాయమైంది. ప్రాణం దక్కింది గానీ జీర్ణాశయంలోకి ఒక రంధ్రం శాశ్వతంగా ఉండిపోయింది. అతనికి వైద్యం చేసిన సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ రంధ్రంలోంచి ఏళ్ల తరబడి లోపలికి చూసి, చూసినదంతా 1833లో పుస్తకంగా అచ్చు వేయించాడు. సెయింట్ మార్టిన్ బాగా తాగిన రోజుల తర్వాత లోపలి పొర ఎర్రబడి, అక్కడక్కడా పుండు పడి ఉండేదట. అతనేమో నాకేం బాధ లేదనేవాడట! నేటికీ ఎండోస్కోపీ గదిలో ఇదే చూస్తుంటాం. లోపల పొరంతా చెదిరిపోయి ఉన్న మనిషి హాయిగా తిరుగుతుంటాడు. మంటతో నిద్రపట్టడం లేదన్న మనిషి జీర్ణాశయం లోపల అద్దంలా ఉంటుంది.

ఇక ఆ పొర ఎలా పాడవుతుందో తెలియాలంటే, అసలు ఎలా నిలబడుతోందో తెలియాలి. జీర్ణాశయం రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా రసం ఊరిస్తుంది. అందులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మాంసం ముక్కను కరిగించే ఆ ఆమ్లం తనను తాను ఎందుకు కరిగించుకోదు? ఎందుకంటే పొర మీద జిగురు పూత ఒకటి ఉంటుంది. ఆ పూత కిందికి బైకార్బనేట్, అంటే వంట సోడా లాంటి క్షారం, నిరంతరం ఊరుతూ ఉంటుంది. పైన ఘాటైన ఆమ్లం ఉన్నా, పూత కింద కణాల దగ్గరికి వచ్చేసరికి మంచినీళ్లంత తటస్థంగా ఉంటుంది. దానికి తోడు పైవరస కణాలు మూడు నుంచి ఆరు రోజులకోసారి పూర్తిగా కొత్తవి వచ్చేస్తాయి. జిగురు, క్షారం, రక్తప్రసారం, ఈ మూడింటినీ నడిపించే పెద్దదిక్కు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఈ పేరు గుర్తుంచుకోండి, నొప్పి మాత్రల దగ్గర మళ్లీ వస్తుంది.

అంటే గ్యాస్ట్రయిటిస్ చాలావరకు యాసిడ్ ఎక్కువై వచ్చేది కాదు, కాపలా సడలి వచ్చేది. ‘నాకు యాసిడ్ ఎక్కువ’ అని అందరూ అంటారు గానీ, ఈ జబ్బులో ఒక రకంలో యాసిడ్ అసలు తయారే కాదు.

కాపలాను దెబ్బతీసేవాళ్లలో మొదటి ముద్దాయి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ప్రపంచంలో ఇంచుమించు సగం మంది కడుపులో ఇది ఉంటుందని లెక్క. సాధారణంగా చిన్నతనంలోనే, ఎక్కువగా ఇంట్లోవాళ్ల నుంచే సోకుతుంది, మందు వాడకపోతే జీవితాంతం ఉండిపోతుంది. ఆమ్లంలో బతకడానికి అది ఒక ఉపాయం పన్నింది. యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విరగ్గొట్టి, తన చుట్టూ అమ్మోనియా కవచం కట్టుకుని, ఈదుకుంటూ వెళ్లి జిగురు పూతలో దాక్కుంటుంది. మన రక్తకణాలు దాన్ని తరిమెయ్యాలని వచ్చి, తరిమెయ్యలేక అక్కడే తిష్ఠ వేస్తాయి. ఆ తెగని పోరే దీర్ఘకాలిక గ్యాస్ట్రయిటిస్.

ఇది కనిపెట్టిన కథ చెప్పకుండా ఉండలేను. 1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు, వాపు ఉన్న బయాప్సీ ముక్కల మీద వంకర బ్యాక్టీరియాలను గమనించాడు. ఆమ్లంలో బ్యాక్టీరియా బతకదని అందరూ నమ్మే రోజులు, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశాడు. ఇద్దరూ దాన్ని ల్యాబులో పెంచాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా పెరగలేదు. 1982లో ఈస్టర్ సెలవులు వచ్చి, రెండు రోజులకే పారేయాల్సిన గిన్నెలు ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి. వచ్చి చూస్తే బ్యాక్టీరియా పెరిగి ఉంది, దానికి కావాల్సింది కాస్త సమయమే! అయినా లోకం నమ్మలేదు. 1984లో మార్షల్ ముందు తనకు ఎండోస్కోపీ చేయించుకుని, కడుపు బాగుందని నిర్ధారించుకుని, ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని గటగటా తాగేశాడు. కొద్దిరోజుల్లో వికారం, వాంతులు, నోటి దుర్వాసన మొదలయ్యాయి. మళ్లీ ఎండోస్కోపీ చేస్తే పొరంతా వాచి ఉంది, అందులో ఆ బ్యాక్టీరియా ఉంది. ఆయన తనకు అల్సర్ తెప్పించుకున్నాడని చాలాచోట్ల రాస్తుంటారు. కాదు, ఆయనకు వచ్చింది సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న గ్యాస్ట్రయిటిసే. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 2015లో వెలువడిన క్యోటో నిపుణుల ఏకాభిప్రాయ పత్రం ఈ గ్యాస్ట్రయిటిస్‌ను లక్షణాలు ఉన్నా లేకపోయినా అంటువ్యాధిగానే లెక్కించాలని చెప్పింది.

మీ రిపోర్టులో ‘జీర్ణాశయం కింది భాగం’ అన్న మాట నాకు పనికొచ్చింది. ఈ బ్యాక్టీరియా సాధారణంగా కాపురం పెట్టేది అక్కడే. కాబట్టి మీ విషయంలో ముందు వెతకాల్సింది దీన్నే.

‘ఎండోస్కోపీలోనే ఆ పరీక్ష చేశారు, లేదన్నారు’ అని కూడా రాశారు. ఇక్కడే నా ప్రశ్న: ఆ రోజు మీరు పాంటోప్రజోల్ వాడుతున్నారా? వాడుతుంటే ఆ ‘లేదు’ను నమ్మడానికి వీల్లేదు. ఈ మాత్రలు బ్యాక్టీరియాను చంపవు గానీ దాని సంఖ్యను తగ్గిస్తాయి, చోటు మారుస్తాయి. బయాప్సీ ముక్కను రంగు మారే జెల్‌లో పెట్టి చేసే పరీక్ష అప్పుడు ఉన్నదాన్ని కూడా లేదని చూపించగలదు. ఊపిరి పరీక్షకూ, మల పరీక్షకూ ఇదే ఇబ్బంది. అందుకే పరీక్షకు ముందు రెండు వారాలు ఈ మాత్రలు ఆపాలి. యాంటీబయాటిక్స్, బిస్మత్ (ఈ బ్యాక్టీరియా మీద వాడే మరో మందు) అయితే నాలుగు వారాలు. ఆ మధ్యలో మంట తట్టుకోలేకపోతే మామూలు యాంటాసిడ్ సిరప్ తాగొచ్చు. రక్తపరీక్షతో యాంటీబాడీలు చూసే పద్ధతికి నేను ఓటు వేయను, బ్యాక్టీరియా పోయి ఏళ్లు గడిచినా అది ఉందనే చెబుతుంటుంది.

రెండో ముద్దాయి నొప్పి మాత్రలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, యాస్పిరిన్ వగైరా. నొప్పి తగ్గించడానికి ఇవి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి. మోకాలి దగ్గర అడ్డుకుంటే మంచిదే, అదే దెబ్బకు జీర్ణాశయంలో కాపలా కూడా పడిపోతుంది. ‘మాత్ర వద్దు, ఇంజెక్షన్ తీసుకుంటే కడుపుకు ఏమీ కాదు’ అని ఒక నమ్మకం ఉంది. తప్పు. మందు రక్తంలో కలిసి వచ్చి ఈ పని చేస్తుంది, నోటి ద్వారా వెళ్లిందా సూది ద్వారా వెళ్లిందా అన్నదాంతో పెద్ద తేడా ఉండదు. పూత పూసిన యాస్పిరిన్ వేసుకున్నా పూర్తి రక్షణ రాదు.

ఈ విషయంలో నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ప్రాక్టీసు మొదట్లో ఒక పెద్దాయన వచ్చేవారు. కడుపులో మంట, కొంచెం రక్తహీనత. ‘మందులేమైనా వాడుతున్నారా?’ అంటే ‘ఏమీ లేవండీ’ అన్నారు. నేను యాసిడ్ మాత్రలు రాస్తూ పోయాను. నెలల తర్వాత ఒకరోజు ఆయన జేబులోంచి రూమాలుతో పాటు డైక్లోఫెనాక్ షీటు బయటపడింది. రోజుకు రెండేసి చొప్పున వేసుకుంటున్నారు. ‘ఇది మందు కాదు కదండీ, నొప్పి మాత్ర’ అన్నారు. తప్పు ఆయనది కాదు, నా ప్రశ్నది. అప్పటి నుంచి ‘మందులు వాడుతున్నారా’ అని అడగటం మానేశాను. ‘తలనొప్పికి, ఒళ్లు నొప్పులకు, జలుబుకు ఏం వేసుకుంటారు? కిందటి నెలలో ఎన్నిసార్లు?’ అని అడుగుతాను. మీరూ మిమ్మల్ని ఇలాగే అడిగి చూసుకోండి. నెలసరి నొప్పికి వేసుకునేవి, వ్యాయామం తర్వాత వేసుకునేవి, అన్నీ లెక్కే. రెండు రకాలు కలిపి వేసుకున్నా, వాటితో స్టెరాయిడ్లు గానీ రక్తం పలచబరిచే మందులు గానీ కలిసినా ప్రమాదం బాగా పెరుగుతుంది. కారణం ఇదే అయితే మాత్రలు ఆపడమే అసలు వైద్యం, పైపై పుండ్లు కొద్ది వారాల్లోనే మానిపోతాయి. మామూలు నొప్పులకు పారాసిటమాల్ కడుపుకు మేలు. అయితే గుండె కోసం డాక్టరు రాసిన యాస్పిరిన్‌ను మాత్రం ఇది చదివి మీ అంతట మీరు ఆపొద్దు. దాన్ని కొనసాగిస్తూనే కడుపును కాపాడే దారి ఉంది, రాసిన డాక్టరుతో మాట్లాడండి.

మూడో రకం, ఇందాక చెప్పిన యాసిడ్ లేని గ్యాస్ట్రయిటిస్. మన రోగనిరోధక వ్యవస్థే జీర్ణాశయం నడిమి, పై భాగాల్లో ఆమ్లం తయారుచేసే కణాలను శత్రువులనుకుని చంపేస్తుంది. ఆ కణాలే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థాన్నీ తయారుచేస్తాయి, అది లేకపోతే ఆహారంలోని బి12 ఒంటికి పట్టదు. కాలేయంలో బి12 నిల్వ కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది కాబట్టి లోటు చాలా ఆలస్యంగా బయటపడుతుంది. కాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు, నీరసం వస్తాయి. కడుపు బాధ అసలు ఉండకపోవచ్చు. ఇనుము ఒంటికి పట్టడానికీ ఆమ్లం కావాలి, అందుకని ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగనివాళ్లలో దీన్ని అనుమానించాలి. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఇలాంటివాళ్లకు యాసిడ్ తగ్గించే మాత్ర ఇవ్వడమంటే ఆరిపోయిన పొయ్యి మీద నీళ్లు చల్లడమే. వీళ్లకు కావాల్సింది బి12, అవసరమైతే ఇనుము, అప్పుడప్పుడూ ఎండోస్కోపీ. మీకున్న మార్పు కింది భాగంలో కాబట్టి ఇది అయ్యే అవకాశం తక్కువే. అయినా ఒకసారి హిమోగ్లోబిన్, బి12 చూపించుకోవడంలో నష్టం లేదు.

మిగతా కారణాలు త్వరగా చెప్పేస్తాను. మద్యం పొరను నేరుగా కాలుస్తుంది. పొగ తాగితే పుండు మానడం ఆలస్యమవుతుంది. జీర్ణాశయానికి ఆపరేషన్ అయినవాళ్లలో పైత్యరసం వెనక్కి ఎగదన్ని వాపు తెప్పించవచ్చు. ఒళ్లు కాలినవాళ్లలో, తలకు పెద్ద దెబ్బ తగిలినవాళ్లలో, ఐసీయూలో ఉన్నవాళ్లలో రక్తప్రసారం తగ్గి పొర దెబ్బతింటుంది. పుస్తకాల్లో ‘స్ట్రెస్’ గ్యాస్ట్రయిటిస్ అని రాసేది దీన్ని, ఆఫీసు టెన్షన్‌ను కాదు.

అలాగని టెన్షన్‌కు సంబంధమే లేదనడం లేదు, అది వేరే దారిలో వస్తుంది. పరీక్షల్లో బ్యాక్టీరియా లేదని తేలి, నొప్పి మాత్రల అలవాటూ లేకపోతే, మీ బాధకు స్వల్ప గ్యాస్ట్రయిటిస్ కారణం కాకపోవచ్చు. నాలుగు ముద్దలకే నిండిపోవడం, తిన్నాక బరువు, పొట్ట పైభాగంలో మంట, ఇవన్నీ కలిసి నెలల తరబడి ఉండి, ఎండోస్కోపీలో వాటికి తగ్గ కారణం కనిపించకపోతే దాన్ని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటాం. అంటే నరాల సున్నితత్వం పెరిగి, మామూలు సాగుదలకూ మామూలు ఆమ్లానికీ కడుపు అతిగా స్పందించడం. తిన్నప్పుడు జీర్ణాశయం పైభాగం సడలి చోటివ్వాలి, కొందరిలో అది సరిగా సడలదు. మెదడుకూ కడుపుకూ మధ్య తీగలు బలంగానే ఉన్నాయి, నిద్ర లేకపోయినా ఆందోళన ఎక్కువైనా ఈ బాధ పెరుగుతుంది. ఇది ‘మీ భ్రమ’ అని చెప్పే మాట కాదు. బాధ నిజమే, తప్పు పొరది కాదు, అంతే తేడా. దీనికి వైద్యం వేరే ఉంది. ఆమ్లం తగ్గించే మందుతో కొందరికి, కడుపు కదలికను సరిచేసే మందుతో కొందరికి, చిన్న మోతాదులో నరాల సున్నితత్వం తగ్గించే మందుతో ఇంకొందరికి గుణం కనిపిస్తుంది.

ఇప్పుడు మీ పాంటోప్రజోల్ సంగతికి వద్దాం, ‘ఆపితే మళ్లీ వస్తోంది, అంటే జబ్బు తగ్గలేదు’ అని మీరు తేల్చేసుకున్నారు. ఆ లెక్క తప్పు కావచ్చు. ఈ రకం మందులు, అంటే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ వగైరా, ఆమ్లాన్ని బయటికి తోడే పంపులను మూసేస్తాయి. ఆమ్లం తగ్గేసరికి శరీరం గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ పెంచి ‘ఇంకా తోడండి’ అని తరుముతూ ఉంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆపితే, తరుముడు మిగిలి ఉంటుంది, అడ్డు పోతుంది. కొన్నాళ్లు ఆమ్లం మామూలు కంటే ఎక్కువ ఊరుతుంది. 2009లో డెన్మార్క్‌లో 120 మంది ఆరోగ్యవంతుల మీద దీన్ని పరీక్షించారు. ఏ కడుపు బాధా లేని మనుషులు! సగం మందికి ఎనిమిది వారాలు ఎసొమెప్రజోల్ ఇచ్చి ఆపితే, వాళ్లలో 44 శాతం మందికి మంట, పుల్లటి త్రేన్పులు లాంటివి వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అవి 15 శాతమే. కాబట్టి మీకు వారానికి తిరిగి వచ్చిన మంట జబ్బుది కాకపోవచ్చు, మందు వదలడం వల్ల వచ్చినదైనా కావచ్చు. మీ డాక్టరుకు చెప్పి, మోతాదు సగానికి తగ్గించి రెండు వారాలు, తర్వాత రోజు విడిచి రోజు రెండు వారాలు వాడి, మధ్యలో అవసరమైతే ఫామోటిడిన్ (ఆమ్లం తగ్గించే మరో రకం మందు) గానీ యాంటాసిడ్ గానీ వాడుకుంటూ దిగండి.

అసలు దాన్ని ఎలా వేసుకుంటున్నారో కూడా చూడండి. పంపులు మేలుకునేది భోజనానికి. మందు రక్తంలో ఉండేది కొద్ది గంటలే. ఆ రెండూ ఒకే సమయానికి కలవాలి. అందుకే పొద్దున తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుని, ఆ తర్వాత తప్పనిసరిగా తినాలి. రాత్రి పడుకునేముందు వేసుకుని, పొద్దున కాఫీతో సరిపెట్టేవాళ్లకు మందు సగం వృథా. పూర్తి ప్రభావం రావడానికీ మూడు నాలుగు రోజులు పడుతుంది, కాబట్టి మంట వచ్చినప్పుడు ఒకటి మింగి ‘పనిచేయలేదు’ అనుకోకండి. వెంటనే ఉపశమనం కావాలంటే అది యాంటాసిడ్ చేసే పని. యాంటాసిడ్‌కూ మిగతా మందులకూ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి, లేకపోతే వాటిని ఒంటికి పట్టనివ్వదు. కారణం తెలియకుండా ఈ మాత్రలను ఏళ్ల తరబడి వాడటం మాత్రం నాకు ఇష్టం ఉండదు. దీర్ఘకాలం వాడినవాళ్లలో బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. అవసరం ఉన్నవాళ్లు భయపడి మానేయడం అంతకంటే పెద్ద పొరపాటు, అది వేరే సంగతి.

బ్యాక్టీరియా ఉందని తేలితే ఏం చేయాలి? ఇప్పుడు ఎక్కువగా సిఫారసు చేసేది పద్నాలుగు రోజుల నాలుగు మందుల కోర్సు: రోజుకు రెండుసార్లు ఆమ్లం తగ్గించే మాత్ర, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్. ఒకప్పుడు క్లారిత్రోమైసిన్‌తో మూడు మందుల కోర్సు ఇచ్చేవాళ్లం. ఆ మందుకు బ్యాక్టీరియా బాగా అలవాటుపడిపోయింది, అందుకే అది పనిచేస్తుందని పరీక్షలో తేలితే తప్ప ఇప్పుడు దాని జోలికి వెళ్లరు. ఇవన్నీ డాక్టరు రాయాల్సినవి, షాపులో అడిగి కొనుక్కునేవి కావు. కోర్సు సుఖంగా సాగదని ముందే చెబుతున్నాను. నోరు చేదుగా, లోహపు రుచిగా ఉంటుంది, వికారం రావచ్చు. బిస్మత్ వల్ల నాలుక, మలం నల్లబడతాయి, కంగారు పడకండి. మెట్రోనిడజోల్ వాడుతున్నప్పుడు మద్యం ముట్టొద్దు. టెట్రాసైక్లిన్‌ను పాలతో వేసుకోవద్దు. ఆరో రోజుకు కొంచెం నయమనిపించి ఆపేసేవాళ్లే ఎక్కువ ఓడిపోతారు. మిగిలిన బ్యాక్టీరియా ఆ మందులకు లొంగనిదిగా తయారవుతుంది, రెండోసారి వైద్యం ఇంకా కష్టం.

కోర్సు అయ్యాక పోయిందో లేదో చూసే పరీక్షను చాలామంది ఎగ్గొడతారు. మంట తగ్గింది కదా అంటారు. ఇందాక చెప్పాను, మంటకూ వాపుకూ పొంతన ఉండదని. కోర్సు ముగిసిన కనీసం నాలుగు వారాలకు ఊపిరి పరీక్ష గానీ మల పరీక్ష గానీ చేయించుకోవాల్సిందే.

తిండి విషయంలో నేను మీరు అనుకున్నంత కఠినంగా చెప్పను. కారం గ్యాస్ట్రయిటిస్ తెప్పించదు. ఉన్న మంటను ఎక్కువగా తెలిసేలా చేయవచ్చు, ఎందుకంటే నొప్పిని పసిగట్టే నరాలనే అది తట్టి లేపుతుంది. మీకు పడకపోతే మంట తగ్గేదాకా తగ్గించండి, పడితే తినండి. కాఫీ కూడా అంతే. పాలు తాగితే హాయిగా ఉంటుందని అంటారు, నిజమే, అరగంటసేపు. ఆ తర్వాత పాలలోని కాల్షియం, ప్రొటీన్ మళ్లీ ఆమ్లాన్ని ఊరిస్తాయి. 1915లో షికాగో వైద్యుడు బెర్ట్రమ్ సిప్పీ గంటగంటకూ పాలు, మీగడ పట్టించే వైద్యం ఒకటి ప్రచారం చేశాడు, దశాబ్దాల పాటు అల్సర్ రోగులు అదే తాగుతూ గడిపారు. అసలు కారణమైన బ్యాక్టీరియా మాత్రం వాళ్ల కడుపులో నిశ్చింతగా ఉంది. మీకు నాలుగు ముద్దలకే నిండుతోంది కాబట్టి ఒకేసారి ఎక్కువ కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. నూనె, కొవ్వు తగ్గించండి, కొవ్వు జీర్ణాశయం ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది. తిన్న వెంటనే పడుకోకండి. ఇంతకు మించి ‘ఇది తినకూడదు, అది తినకూడదు’ అనే పట్టీలు పెట్టుకుని బరువు తగ్గి వచ్చేవాళ్లను చూస్తే నాకు జబ్బు కంటే ఆ పట్టీలంటేనే భయం.

క్యాన్సర్ భయం గురించి. హెలికోబ్యాక్టర్‌ను 1994లోనే క్యాన్సర్ తెప్పిస్తాయని రుజువైన వాటి జాబితాలో చేర్చారు, దాచాల్సిన పనిలేదు. కానీ అది ఉన్నవాళ్లలో జీర్ణాశయ క్యాన్సర్ దాకా వెళ్లేది నూటికి ఒకరి నుంచి ముగ్గురు. అదీ మెట్లు మెట్లుగా, దశాబ్దాలు పట్టే ప్రయాణం. మొదట వాపు, తర్వాత పొర పలచబడి గ్రంథులు చచ్చిపోవడం, తర్వాత జీర్ణాశయపు కణాలు పేగు కణాల రూపు దాల్చడం, తర్వాత కణాల తీరు చెడటం, ఆపైన క్యాన్సర్. మీ రిపోర్టులో ఉన్నది మొదటి మెట్టు, అదీ ఎరుపు చూసి అన్నమాట. ఆ మెట్టు మీద ఉండగా బ్యాక్టీరియాను తీసేస్తే ప్రయాణం చాలావరకు అక్కడే ఆగుతుంది. బయాప్సీలో పలచబడటం గానీ పేగు కణాలు గానీ ఎక్కువ మేర కనిపిస్తే అప్పుడు మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేస్తాం. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం డాక్టరుకు తప్పకుండా చెప్పండి, లెక్కలు మారతాయి.

ఇదంతా తాపీగా చేసుకోదగ్గ పని. తాపీ పనికిరాని సందర్భాలు వేరే ఉన్నాయి. మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే (ఐరన్ మాత్రలు, బిస్మత్ వాడుతుంటే రంగు మారడం వేరు), వాంతిలో రక్తం గానీ కాఫీ పొడి లాంటిది గానీ పడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, ఆగని వాంతులు, రక్తహీనత, అరవై దాటాక మొదటిసారి ఈ బాధ రావడం, వీటిలో ఏదున్నా మాత్రలతో సరిపెట్టకుండా ఎండోస్కోపీ చేయించాలి. పొట్ట పైభాగంలో నొక్కినట్టు నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఆయాసమో ఎడమ చెయ్యి లాగడమో తోడైతే అది ‘గ్యాస్’ కాకపోవచ్చు. గుండెపోటు ఆ వేషంలో వస్తుంది, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్లలో. యాంటాసిడ్ తాగి చూద్దామని కూర్చోవద్దు, ఈసీజీ తీయించుకోండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది: గత మూడు నెలల్లో మింగిన ప్రతి నొప్పి మాత్రనూ గుర్తుచేసుకుని ఒక కాగితం మీద రాయండి. పాంటోప్రజోల్ నేను చెప్పినట్టు మెల్లగా దింపి, పూర్తిగా ఆపిన రెండు వారాలకు ఊపిరి పరీక్ష చేయించుకోండి. దాంతోపాటు హిమోగ్లోబిన్, బి12. ఎండోస్కోపీ రోజున మాత్ర వాడుతున్నారా, సూక్ష్మదర్శిని పరీక్షకు బయాప్సీ ముక్క ఏదైనా తీశారా అన్నది అక్కడే అడిగి తెలుసుకోండి, కొన్నిసార్లు తీసి పంపుతారు, ఆ రిపోర్టు ఎవరూ తెచ్చుకోక అక్కడే పడి ఉంటుంది. ఫలితాలు వచ్చాక ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.